సోమవారం పొద్దున్న ఇరవై మెషీన్లు: ఈసీ2 లాంచ్ టెంప్లేట్

అమీర్‌పేటలో లినక్స్ క్లాసులు చెప్తాను. కొత్త బ్యాచ్ అంటే ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) 20 మెషీన్లు, ఈసీ2 అనే సర్వీసులో అద్దెకి తీసుకునే కంప్యూటర్లు. ఇదివరకు ప్రతిసారీ మెషీన్ తెరిచే ఫారం మొదటి నుంచి నింపేవాణ్ణి: సైజు, డిస్కు, లాగిన్ అయ్యే కీ, ఎక్కణ్ణించి కనెక్ట్ అవ్వొచ్చో చెప్పే సెక్యూరిటీ గ్రూపు. రెండ్రోజులు ఆలస్యంగా చేరినవాడికి మళ్ళీ విడిగా. ఎక్కడో ఒక టిక్కు మర్చిపోయేవాణ్ణి, "సార్, నాది కనెక్ట్ అవ్వట్లేదు" మొదలయ్యేది.

ఇప్పుడు అవన్నీ లాంచ్ టెంప్లేట్‌లో, అంటే ఒకసారి నింపి దాచుకునే ఫారంలో, ఉన్నాయి. ఎన్ని కావాలో అంకె వేసి నొక్కడమే, టీ తాగొచ్చేలోపు మెషీన్లు సిద్ధం. టెంప్లేట్‌కి డబ్బులు లేవు. నడిచే మెషీన్లకీ, ఇమేజ్ (మెషీన్‌ని తయారుచేసే మూస) వెనకుండే స్నాప్‌షాట్లకీ (దాచిన డిస్కు కాపీలు) మాత్రం బిల్లు పడుతుంది.

సేవ్ చేసిన వర్షన్‌ని దిద్దలేం, కొత్త వర్షన్ చేసుకోవాల్సిందే. మొదట్లో చిరాకేసింది. పాత బ్యాచ్ సెటప్ చెక్కుచెదరకుండా దొరికినప్పుడు దాని విలువ తెలిసింది. కానీ కొత్త వర్షన్ దానంతటదే డిఫాల్ట్ (ఏ వర్షనో చెప్పకపోతే వాడేది) కాదు. డిస్కు 8 జీబీ నుంచి 20కి పెంచి వర్షన్ 4 చేశాను, డిఫాల్ట్ 3 మీదే వదిలేశాను. మెషీన్లు పాత 8 జీబీతోనే వచ్చాయి, డాకర్ (ప్రోగ్రాములను ప్యాక్ చేసి నడిపే సాధనం) క్లాసులో అందరికీ ఒకేసారి డిస్కు నిండిపోయింది. తప్పు నాదే.

ఇంకో సంగతి, టెంప్లేట్ అయినా ఇమేజ్ అయినా ఏ రీజియన్‌వి (ఏడబ్ల్యూఎస్ డేటాసెంటర్లున్న ప్రాంతం) ఆ రీజియన్‌కే. 2022లో హైదరాబాద్ రీజియన్ వచ్చింది కదా అని ముంబై ఇమేజ్ ఐడీని ఇక్కడి టెంప్లేట్‌లో పెడితే కుదరదు. ఇమేజ్ కాపీ చేసి కొత్త ఐడీ తీసుకోవాలి. టెంప్లేట్ సేవ్ చేసేటప్పుడు అన్నీ పూర్తిగా సరిచూడదు, తప్పు లాంచ్ దగ్గరే బయటపడొచ్చు. అందుకే ఆదివారం రాత్రే ఒక్క మెషీన్ లేపి చూస్తాను.

నాకు బాగా పనికొచ్చింది యూజర్ డేటా. మెషీన్ మొదటిసారి బూట్ అయినప్పుడు నడిచే స్క్రిప్ట్, 16 కేబీ దాటకూడదు. ప్యాకేజీలు, విద్యార్థుల లాగిన్లు అన్నీ అదే చూసుకుంటుంది. అందులోనే బద్ధకించి ల్యాబ్ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా రాసేశాను. మూడో రోజు ఓ కుర్రాడు మెషీన్‌లోంచి 169.254.169.254కి (మెషీన్ తన వివరాలు తాను చదువుకునే చిరునామా, యూజర్ డేటా కూడా అక్కడే దొరుకుతుంది) కర్ల్ కమాండ్ కొట్టి, నా స్క్రిప్ట్ మొత్తం తెర మీద పెట్టి, "సార్, ఇది మీదేనా?" అన్నాడు.

పాస్‌వర్డ్ మార్చి, వర్షన్ 5 చేసి, పాతవి తీసేశాను. ఈసారి డిఫాల్ట్ కూడా మార్చాను.