ప్రిన్సిపాల్ గారి ఆదివారం సలహా: పుట్టింటి ఆస్తి గొడవలున్న ఆడవాళ్లు తప్పక వెళ్లండి

అమలాపురంలో ఈ మేష్టారు చాలా ఏళ్లు సివిల్ కేసులు వాదించారు. ప్రాక్టీసు బాగా నడుస్తుండగానే లా కాలేజీకి వెళ్లి, ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యారు. ఎందుకు వదిలారండీ అంటే, జూనియర్లకి దస్తావేజు చదవడం రావట్లేదు, అందుకని అన్నారు. ఇప్పుడు ఆదివారం పొద్దున్న ఇంటి అరుగు మీద సలహా చెబుతారు. ఫీజు లేదు, కేసులు పట్టరు.

నా పెళ్లి 1984లో అయింది. నాన్నగారు 1998లో పోయారు. తాతల నాటి కొబ్బరి తోట మీద దింపు డబ్బులన్నీ తమ్ముళ్లే తీసుకుంటున్నారు. వాటా అడిగితే "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా" అన్నారు. అంతకుముందు చూపించుకున్న వకీలు గారు కూడా, కూతుళ్లకి తాతల ఆస్తిలో వాటా ఇస్తూ ఎన్టీఆర్ తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయినవాళ్లకి వర్తించదని పంపించేశారు.

మేష్టారు పక్కనున్న లా చదివే అమ్మాయి చేత దస్తావేజు మొత్తం పైకి చదివించారు. మధ్యలో ఆపి, "ఇది తాతగారిదా, నాన్నగారు కొన్నదా?" అని నన్ను అడిగారు. స్వార్జితమైతే లెక్క వేరట. పంపకాల కాగితం ఉందా అన్నారు. లేదు, పెద్దమనుషుల ముందు నోటిమాటే.

అప్పుడు విడమరిచి చెప్పారు. హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, ఆ తేదీకి తండ్రి బతికి ఉండక్కర్లేదనీ 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకమో, కోర్టు డిక్రీయో అయిపోయుంటే మాత్రం కదపలేం. వట్టి నోటిమాట పంపకాన్ని కోర్టు మామూలుగా ఒప్పుకోదు. ఇదంతా ముందు ఆ అమ్మాయి చేత, తర్వాత నా చేత తిరిగి చెప్పించారు! వకీలు దగ్గర్నుంచి విషయం అర్థమై లేచి రావడం నాకు ఇదే మొదలు.

ముందు తమ్ముళ్లకి ఈ మాటలే చెప్పి చూడమన్నారు. వినకపోతే కోర్టులో న్యాయసేవల ఆఫీసుకి వెళ్లమన్నారు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలుని పెడతారు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

జనం మాత్రం ఎక్కువ. టోకెన్లు పెడితే బాగుండు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఎండలో నిలబడుతున్నారు. ఫోన్‌లో సలహా చెప్పరు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల కాగితం), పాత దస్తావేజుల నకళ్లు, అడంగల్ (భూమి సాగు వివరాల రికార్డు) పట్టుకెళ్లండి, అవి చూడందే ఆయన మాట్లాడరు.