ఆరు సీజన్లు, మూడు యారో రెస్ట్‌లు: మంచె మీద తేలిన సంగతి

మొన్న ఇక్కడే మిషిగన్‌లో, కాంటన్‌లో ఉండే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. కొత్తగా కాంపౌండ్ బో (కప్పీలుండే విల్లు) కొన్నాడు, హంటర్ సేఫ్టీ క్లాసు పూర్తి చేశాడు, ఈ అక్టోబర్‌లో మొదటిసారి జింకల వేటకి బయల్దేరుతున్నాడు. "అన్నా, అన్నీ కొనేశాను గానీ యారో రెస్ట్ దగ్గర ఆగిపోయాను. యాభై డాలర్లది ఉంది, రెండొందలది ఉంది. ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు. యారో రెస్ట్ అంటే విల్లు లాగేటప్పుడు బాణం ఆనడానికి విల్లుకి బిగించే చిన్న పరికరం. పావుగంట మాట్లాడినా సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

నేను మిషిగన్‌లో 2019 నుంచి బాణంతో వేటాడుతున్నాను. విల్లు లాగడానికి పట్టే బలం 60 పౌండ్లు, నేను లాగే దూరం (డ్రా) 28 అంగుళాలు, బాణం బరువు దగ్గర దగ్గర 420 గ్రెయిన్లు, అంటే 27 గ్రాములు. ఎక్కువగా కూర్చునేది వాటర్లూ రిక్రియేషన్ ఏరియాలో, చెట్టుకి కట్టుకున్న మంచె మీద. ఇక్కడ బాణం సీజన్ అక్టోబర్ 1న మొదలై నవంబర్ 14 దాకా ఉంటుంది. 15 నుంచి తుపాకుల వాళ్లు దిగుతారు. డిసెంబర్ 1 నుంచి మళ్లీ బాణాలు. అంటే చొక్కా తడిసే ఎండలోనూ, మోకాలిదాకా మంచులోనూ పనిచేయాల్సింది అదే రెస్ట్.

ఒక లెక్క చెప్తాను. ఈ ఆరు సీజన్లలో జింకని చూసి విల్లు లాగింది ఇరవైసార్ల పైమాటే. బాణం వదిలింది ఏడుసార్లు. మిగతా అన్నిసార్లూ లాగిన విల్లుని మళ్లీ మెల్లగా దించాను. జింక చెట్టు చాటుకి పోవడం, తల ఎత్తి చూడటం, పక్కన పిల్ల ఉండటం, ఇలా ఏదో ఒకటి. రెస్ట్ గురించి ఎక్కడ చదివినా బాణం వెళ్లే క్షణం గురించే రాస్తారు. నాకు మాత్రం దానికి ముందు గడిచే రెండు నిమిషాలే ముఖ్యమని తేలింది. ఆ రెండు నిమిషాల్లో బాణం తన చోట కదలకుండా, చప్పుడు చేయకుండా ఉండాలి. రెస్ట్‌ని అక్కడి నుంచి ఎంచుకోవాలి.

కంపెనీల పేర్లు రాయడం లేదు. ముందు రకం తేల్చుకుంటే కంపెనీ తర్వాత సంగతి.

నా మొదటి రెస్ట్ షాపుల్లో అందరూ బిస్కెట్ అనే రకం. గుండ్రటి చట్రం, లోపల చుట్టూ బ్రష్‌లా గట్టి పోగులు, మధ్యలో బాణం పట్టేంత కన్నం. కదిలే భాగం ఒక్కటీ లేదు. విల్లు తలకిందులు చేసినా బాణం పడదు. రెండు సీజన్లు వాడాను, నా మొదటి జింకని దీంతోనే కొట్టాను. కొత్తవాళ్లకి దీన్ని మించినది లేదని ఇప్పటికీ నా మాట. మా అబ్బాయి 35 పౌండ్ల విల్లుకి నా చేత్తో బిగించింది కూడా ఇదే.

మరి ఎందుకు మార్చానంటే రెండు కారణాలు. బాణం వెళ్లేటప్పుడు దాని ఈకలు ఆ పోగుల్లోంచి రాసుకుంటూ వెళ్తాయి. గట్టి పొట్టి ఈకలైతే తట్టుకుంటాయి గానీ, నావి వేసవి ప్రాక్టీసు అయ్యేసరికి అంచులు అలలు తిరిగి ఉండేవి. రెండోది చలి. రెండో ఏడు డిసెంబర్‌లో ఒక పొద్దున సన్నటి వాన పడుతూనే గడ్డకట్టింది. ఆరింటికి మంచె ఎక్కాను. ఏడున్నరకి చూసుకుంటే పోగులన్నీ ఒక్కో గుత్తిగా అతుక్కుని, వాటి మీద గాజు పూత పూసినట్టు మంచు. నోటి ఆవిరి ఊదాను, గ్లవ్ తీసి వేళ్లతో నలిపాను. కరిగింది, పది నిమిషాల్లో మళ్లీ పట్టింది. ఆ మంచులోంచి వెళ్లే బాణం ఎటు పోతుందో నాకు నమ్మకం లేదు. ఆ రోజు ఇరవై గజాల్లో రెండు ఆడజింకలు నిలబడ్డాయి. విల్లు లాగలేదు.

మూడో సీజన్‌కి డ్రాప్ అవే తీసుకున్నాను. పేరుకి తగ్గట్టే బాణం వదలగానే రెస్ట్ కిందికి పడిపోతుంది, ఈకలకి ఏదీ తగలదు. నాది కేబుల్‌తో నడిచే రకం. రెస్ట్ నుంచి ఒక సన్నటి తాడు విల్లు కేబుల్‌కి, అంటే విల్లు కప్పీలకి కట్టి ఉండే లావు దారానికి, కట్టి ఉంటుంది. విల్లు లాగుతుంటే కేబుల్ కిందికి కదిలి, తాడుని లాగి రెస్ట్‌ని పైకి లేపుతుంది. వదిలితే తాడు వదులై రెస్ట్ పడిపోతుంది. బాణం వంకర లేకుండా వెళ్తోందో లేదో చూడటానికి కాగితంలోంచి కొడితే చిల్లు బుల్లెట్ దిగినట్టు గుండ్రంగా పడింది. ఆగస్టు అంతా ఎంత సంతోషపడ్డానో.

షాపులో ఆ తాడుని కేబుల్‌కి ఒక చిన్న క్లిప్‌తో బిగించి ఇచ్చారు. స్ట్రింగ్, కేబుల్స్ కూడా అప్పుడే కొత్తవి వేశారు. కొత్త కేబుల్ కొంత సాగుతుందని, క్లిప్ దాని మీద జారుతుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్టోబర్ మూడో వారం, సాయంత్రం ఇంకా వెలుగుంది. 18 గజాల్లో ఆడజింక, పూర్తిగా పక్కకి తిరిగి ఉంది, కాలు ముందుకి వేసింది. గురిచూసే పిన్ను దాని భుజం వెనక నిలిచింది. వదిలాను. బాణం దాని కడుపు కిందుగా వెళ్లి ఆకుల్లో దిగింది.

దిగి బాణం తీసి చూశాను. రక్తం లేదు, వెంట్రుక లేదు, మట్టి మాత్రమే. అయినా చీకటిపడేదాకా టార్చ్‌తో ఆకు ఆకూ వెతికాను. ఇంటికొచ్చి గ్యారేజీలో మెల్లగా విల్లు లాగుతూ మా ఆవిడని రెస్ట్ వైపు చూడమన్నాను. "ఇది సగమే లేస్తోందండీ" అంది. క్లిప్ సెంటీమీటరు జారింది. బాణం ముందు కొన కిందికి వాలి ఉండగానే కొట్టానన్నమాట. ఇంకో మూడంగుళాలు పైన తగిలి ఉంటే పేగుల్లో దిగేది. ఆ జింక రాత్రంతా నరకం పడి ఎక్కడో పొదలో చచ్చేది. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఒక ప్రాణాన్ని తీయడానికి వెళ్తున్నప్పుడు సెంటీమీటరు క్లిప్‌ని నమ్ముకుని వెళ్లకూడదు.

కేబుల్ రకం చెడ్డదని నేను అనను. తాడుని క్లిప్‌తో కాకుండా కేబుల్ పోగుల మధ్యనుంచి దూర్చి, దారం చుట్టి కట్టిస్తే జారదు. చాలామంది అలాగే కట్టించుకుని ఏళ్లతరబడి వాడుతున్నారు. బొటనవేలితో ముందే పైకి లేపి లాక్ చేసే రకం కూడా ఉంది. దాంట్లో విల్లు మెల్లగా దించినా రెస్ట్ కిందపడదు, బాణం పంజరంలో ఉన్నట్టు ఉంటుంది. నేలమీద నడుస్తూ వేటాడేవాళ్లకి అది చాలా బాగుంటుంది. స్నేహితుడి విల్లు మీద వాడి చూశాను. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు ఆ మీట ఎత్తడం మరిచిపోతానేమోనన్న టెన్షన్‌తో నేను తీసుకోలేదు.

నాలుగో సీజన్ నుంచి ఇప్పటిదాకా నా విల్లు మీద ఉన్నది లింబ్‌తో నడిచే డ్రాప్ అవే. దీని పద్ధతి తిరగేసి ఉంటుంది. తాడు కేబుల్‌కి కాదు, విల్లు బద్దకే, అంటే లింబ్‌కే కడతాం. మామూలుగా బద్ద తాడుని బిగించి రెస్ట్‌ని కిందికి పట్టి ఉంచుతుంది. లాగుతున్నకొద్దీ బద్ద వంగి తాడు వదులవుతుంది, లోపలి స్ప్రింగ్ రెస్ట్‌ని పైకి లేపుతుంది. వదలగానే బద్ద విదిలించి కిందికి లాగేస్తుంది. బాణానికి ఎక్కువ దూరం ఆసరా దొరుకుతుంది కాబట్టి, చలికి చేయి కాస్త వణికినా గురి మరీ చెదరదు.

నన్ను ఒప్పించింది మాత్రం ఇంకో సంగతి. కేబుల్ రకంలో తాడు తెగితే రెస్ట్ లేవదు, బాణానికి ఆసరా ఉండదు. లింబ్ రకంలో తాడు తెగితే రెస్ట్ పైనే ఉండిపోతుంది. ఈకలు తగలొచ్చు గానీ, బాణం ఉండాల్సిన ఎత్తులోనే ఉంటుంది. పాడైనా తక్కువ నష్టంతో పాడయ్యేదాన్ని ఎంచుకున్నాను. బిగించడానికి విల్లుని వంచి పట్టే బో ప్రెస్ యంత్రం కూడా అక్కర్లేదు, నేనే గ్యారేజీలో కట్టుకున్నాను.

ఇబ్బందులు ఉన్నాయి. తాడు బయటగా బద్ద దాకా వెళ్తుంది కాబట్టి పొదల్లో నడిచేటప్పుడు రెమ్మలు తగులుకుంటాయి. లాగడం మొదలుపెట్టగానే బాణం కింది ఒడిలోంచి పైకి లేస్తుంది. అక్కడ మెత్తటి ఫెల్ట్ ముక్క అతికించకపోతే చిన్న 'టిక్' మంటుంది. గాలి లేని నవంబర్ పొద్దున ఆ టిక్ నలభై గజాల్లో ఉన్న జింక చెవికి వినిపిస్తుంది. ఫెల్ట్‌ని సీజన్‌కి ఒకసారి మారుస్తాను, తడిస్తే జిగురు వదిలేస్తుంది.

ఏ రకం కొన్నా బిగించే పద్ధతి ఒకటే. బాణం విల్లుకున్న బెర్గర్ హోల్ (రెస్ట్ బిగించే రంధ్రం) మధ్యగా పోయేలా ఎత్తు పెట్టండి. రైజర్ (పిడి ఉండే విల్లు నడిమి భాగం) నుంచి బాణం నడిమికి అంగుళంలో 16 వంతులకి 13 వంతుల దూరంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి కాగితం చిల్లు చూసుకుంటూ కొద్దికొద్దిగా జరపండి. డ్రాప్ అవే అయితే రెస్ట్ మీద, ఈకల మీద ఫుట్ పౌడర్ స్ప్రే కొట్టి ఒక బాణం వేయండి. తెల్లటి పొడిలో గీత పడిందంటే ఎక్కడో తగులుతున్నట్టే. అన్నీ కుదిరాక ప్రతి స్క్రూ మీదా, తాడు ముడి దగ్గరా వెండిరంగు పెయింట్ పెన్‌తో అడ్డంగా ఒక గీత గీయండి. మంచె ఎక్కేముందు ఆ గీతలు చూడటానికి ఐదు సెకన్లు చాలు. ఆ రోజు నా క్లిప్ మీద గీత ఉండి ఉంటే నేను విల్లు లాగేవాడినే కాదు.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి ఒక మాట. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం, ఇదంతా మీకు పనికొచ్చేది కాదు. కాంపౌండ్ బో నేర్చుకోవాలంటే మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఉంది చూడండి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆ పోటీల్లో ఎక్కువగా వాడేది సన్నటి స్టీలు రేకులా ఉండే బ్లేడ్ రెస్ట్. కదలకుండా నిలబడి కొట్టేవాళ్లకి అది మంచిది, మంచె మీద మాత్రం బాణం దాని మీద నిలవదు.

ఇక తమ్ముడికి నేను చెప్పింది: ఈ ఏడాదికి బిస్కెట్ వేసుకో, మిగిలిన డబ్బుతో మంచె మీద నుంచి పడకుండా కట్టుకునే మంచి హార్నెస్ కొను. డిసెంబర్ మంచులో కూడా కూర్చోవాలనిపిస్తే అప్పుడు లింబ్ రకానికి మారు. శనివారం విల్లు తీసుకుని మా గ్యారేజీకి వస్తున్నాడు. నిన్న రాత్రే నా రెస్ట్ తాడు మార్చి, కొసలు కాల్చి ముడేశాను. కొత్త తాడు కదా, యాభై బాణాలు వేశాక మళ్లీ బిగించి గీత గీయాలి. అక్టోబర్ 1కి ఇంకా మూడు వారాలుంది.