మిథైల్ సెల్యులోజ్ 4000 పొడి: సరుకు బాగుంది, డబ్బా మీది రాతే తప్పు

ద్రావణాలను చిక్కబరిచే ఈ పొడి డబ్బా మీద పెద్దక్షరాలతో 4000 అని ఉంటుంది. ఈ పొడి రెండు శాతం కలిపిన ద్రావణం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 4000 సెంటీపాయిస్ (చిక్కదనం కొలత) చిక్కగా ఉంటుందని దాని అర్థం, అంతే. పొడి తెల్లగా, సన్నగా ఉంది, వాసన లేదు. సరుకుకు వంక పెట్టలేం. వంకంతా కింద చిన్నక్షరాల్లో ఉన్న వాడే విధానానిదే: గోరువెచ్చని నీళ్లలో వేసి కలపమన్నారు.

అలా కలిపితే ఉండలు కట్టడం ఖాయం. ప్రతి ముద్ద పైపొర నాని జిగురై, లోపలికి నీళ్లు పోనివ్వదు. ఎంత తిప్పినా బఠాణీ గింజలంత ఉండలు తేలుతూనే ఉంటాయి. ఒకదాన్ని చిదిపి చూడండి, లోపల పొడి పొడిగానే ఉంటుంది.

సరైన పద్ధతి ఇది. 2 గ్రాముల పొడికి 98 మిల్లీలీటర్ల నీళ్లు. అందులో మూడో వంతు 85 డిగ్రీల దాకా కాచి, తిప్పుతూ పొడిని చల్లాలి. అంత వేడిలో పొడి కరగదు, గింజ గింజా విడివిడిగా తడుస్తుంది. అప్పుడు మిగతా నీళ్లు ఐసులా చల్లగా పోసి, 10 డిగ్రీల లోపు ఉంచి అరగంటకు పైగా నెమ్మదిగా తిప్పాలి. జోరుగా తిప్పితే నురగ పడుతుంది. బుడగలు పోవాలంటే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే సరి.

చల్లటి నీళ్లలో కరిగి వేడిలో కరగని ఈ తలకిందుల వ్యవహారానికి మూలం రసాయనంలోనే ఉంది. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ వలయాల గొలుసు. ఒక్కో వలయానికి మూడు హైడ్రాక్సిల్ (OH) గుంపులుంటాయి. పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు పెనవేసుకుని అవి నీటికి చోటివ్వవు. క్షారంలో నానబెట్టి మిథైల్ క్లోరైడ్ పట్టిస్తే మూడింటిలో సగటున 1.6 నుంచి 2 దాకా మిథాక్సీ (OCH3) గుంపులవుతాయి. దాంతో గొలుసుల వరస చెదిరి నీళ్లు దూరతాయి. మూడూ మారిపోతే మాత్రం నీళ్లలో కరగదు, సేంద్రియ ద్రావణుల్లోనే కరుగుతుంది. ద్రావణాన్ని వేడి చేస్తే మిథాక్సీల చుట్టూ చేరిన నీరు తప్పుకుని, గొలుసులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. 50 డిగ్రీలు దాటాక తెల్లబడి జెల్లీలా నిలబడేది అందుకే. చల్లార్చితే మళ్లీ పల్చబడుతుంది, కాకపోతే గడ్డకట్టిన వేడి కంటే బాగా కిందికి దిగాలి. ఫ్యాక్టరీలో ఈ చర్యలో పుట్టి మిగిలిన ఉప్పును వేడినీళ్లతో కడిగేదీ ఈ గుణాన్ని నమ్ముకునే.

కడగడం సరిగా జరగకపోతే ఆ ఉప్పు జెల్ కట్టే ఉష్ణోగ్రతను కిందికి లాగుతుంది. ఉప్పు ఎంత మిగిలిందో చూడాలంటే పల్చటి ద్రావణంలో నైట్రిక్ ఆమ్లం ఒక చుక్క, సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క వేయండి. కాస్త మసక వస్తే పరవాలేదు, చిక్కటి పాల తెలుపు వస్తే సరుకు తిప్పి పంపొచ్చు.

డబ్బా మీద లేనిదీ, అసలు ఉండాల్సిందీ ప్రతిక్షేపణ వివరం, అంటే హైడ్రాక్సిల్‌ల చోట ఏ గుంపులు ఎంత మేర చేరాయన్నది. మిథైల్ సెల్యులోజ్ పేరుతో కొన్నిచోట్ల హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్ కూడా అమ్ముతారు. దానికి 2208, 2910 లాంటి అంకెలుంటాయి: మొదటి రెండూ మిథాక్సీ శాతం, చివరి రెండూ హైడ్రాక్సీప్రొపాక్సీ శాతం. 2208 రకం సుమారు 70 నుంచి 90 డిగ్రీల మధ్యకు చేరితేగానీ గట్టిపడదు. రెండూ 4000 అయినంత మాత్రాన ఒకటి కావు. విశ్లేషణ పత్రం అడగకుండా కొనొద్దు.

పల్చగా కావాలని పొడి సగానికి తగ్గిస్తే చిక్కదనం సగం కాదు: ఒక శాతం దగ్గర 200 సెంటీపాయిస్ లోపే ఉంటుంది. అందుకే తూకం పదో వంతు గ్రాము దాకా చూసుకోవాలి. నిల్వ ఉంచే ద్రావణంలో ప్రిజర్వేటివ్ కలపండి. సూక్ష్మజీవుల సెల్యులేజ్ ఎంజైములు గొలుసులు తెంచితే చిక్కదనం పడిపోతుంది.

వేడిలోనూ పారే ద్రావణం కావాలంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే మరో సెల్యులోజ్ పొడి మేలు. అయితే బాగా ఆమ్లం తగిలినా, అల్యూమినియం లవణాలు తగిలినా అది గడ్డకట్టి విడిపోతుంది. మిథైల్ సెల్యులోజ్ మాత్రం పీహెచ్ 3 నుంచి 11 దాకా నిలకడగా ఉంటుంది.