పాత కార్బన్ రేస్ సైకిల్ కొంటున్నారా? రంగు కింద పుట్టీ ఉందేమో ముందు చూసుకోండి

రోడ్ రేసుల్లో దిగాలని సెకండ్ హ్యాండ్ కార్బన్ సైకిల్ కోసం వెతుకుతున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. ప్రమాదంలో చిట్లిన ఫ్రేముకు పుట్టీ పెట్టి, పైన రంగు కొట్టి, "ఒక్క దెబ్బ కూడా తగల్లేదు" అని అమ్మేవాళ్లు మన హైదరాబాద్‌లో ఉన్నారు. నాకు అలాంటి సైకిలే అంటగట్టారు. 1,30,000 రూపాయలు పోవడం ఒక ఎత్తైతే, ఆ సైకిల్ మీద నేను ముందుంటే నా వెనక చక్రానికి అరడుగు దూరంలో మనవాళ్లు తొక్కుకుంటూ రావడం ఇంకో ఎత్తు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మన దగ్గర అమెచ్యూర్ రేసర్ అంటే ఎవరో మీకు తెలుసు. ఆఫీసు ఉన్న రోజు కూడా చీకటితోనే లేచి గండిపేట చుట్టూ తిరిగొచ్చేవాడు, ఆదివారం చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు మీద వికారాబాద్ దాకా వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరేవాడు. వెనక టీమ్ కారు ఉండదు, విడి సైకిల్ ఉండదు, మెకానిక్ జీతానికి ఉండడు. కొత్త కార్బన్ సైకిల్, అదీ డిస్క్ బ్రేకులతో, మంచి గేర్ సెట్‌తో కావాలంటే సులువుగా మూడు లక్షలు దాటుతుంది. ఇంట్లో ఒప్పుకోరు. అందుకే సగం ధరకు పాతది దొరికిందంటే ప్రాణం లేచొస్తుంది.

ఆ పాత సైకిళ్లు ఎక్కడి నుంచి వస్తాయో కాస్త ఆలోచించండి. రేసుల్లో పడటం మామూలే. స్ప్రింటులో ముందువాడి చక్రానికి మన చక్రం తగులుతుంది, మలుపులో ఇసుక ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ చివరి క్షణం దాకా కనపడదు. మోచేయి గీరుకుపోయి మనిషి లేచేస్తాడు. సైకిల్ కూడా పైకి బాగానే కనిపిస్తుంది. కానీ పడినప్పుడు హ్యాండిల్‌బార్ గిర్రున తిరిగి ఫ్రేము పై గొట్టానికి (టాప్ ట్యూబ్‌కు) కొడుతుంది, వెనక చక్రాన్ని పట్టి ఉంచే సన్న గొట్టాల (స్టేల) మీద ఇంకొకడి పెడల్ పడుతుంది. అల్యూమినియం అయితే సొట్ట పడి మనకు కనిపిస్తుంది. కార్బన్ అలా కాదు. పొరలు పొరలుగా పేర్చిన కార్బన్ పోగుల గుడ్డ, దాన్ని అతికించే రెసిన్ అనే జిగురు కలిసి గట్టిపడ్డదే అది. లోపలి పొరలు విడిపోయినా పైన రంగు మీద వెంట్రుకంత గీత కూడా ఉండకపోవచ్చు. తర్వాతెప్పుడో ఒక గుంతలో పడ్డప్పుడు ముందస్తు సూచన ఏమీ లేకుండా పుటుక్కున విరుగుతుంది. అలాంటి ఫ్రేమును యజమాని తన బాగు కోసం వదిలించుకోవాలని చూస్తాడు. ఇలాంటి బేరగాళ్లు దాన్ని చవగ్గా కొని ముస్తాబు చేస్తారు.

నాకు అమ్మినవాడు చెప్పిన కథ బాగా నమ్మించేలా ఉంది. తాను రేసులు ఆడేవాడినని, ఇప్పుడు బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయిందని, "అన్నా, నా సొంత సైకిల్, పిల్లాడిలా చూసుకున్నా" అని అన్నాడు. ఫొటోల్లో సైకిల్ ఒక నీలం రంగు గేటుకు ఆనించి ఉంది. పేరున్న అంతర్జాతీయ బ్రాండు, కార్బన్ చక్రాలు, నల్లటి మ్యాట్ రంగు. బిల్లు అడిగితే ఇల్లు మారేటప్పుడు పోయిందన్నాడు. కంపెనీ షోరూమ్‌లో చూపిద్దామంటే "రేపే ఇంకొకరు వస్తున్నారు, మీకు కావాలంటే ఈ రోజే తేల్చండి" అన్నాడు. తర్వాత వెతికితే అదే నీలం గేటుకు ఆనించిన వేరే సైకిళ్లు వేరే పేర్లతో ఉన్న ప్రకటనల్లో కనిపించాయి. ఒక్కోదాని వెనకా ఒక్కో ట్రాన్స్‌ఫర్ కథ.

మొదట్లో ఏ తేడా తెలియలేదు. తేలిగ్గా ఉంది, చదునులో బాగా పరిగెత్తింది. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, సీటు మీంచి లేచి తొక్కితే ముందు వైపు నుంచి 'కిర్రు, కిర్రు' మని చప్పుడు మొదలైంది. హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల సెట్, వదులైందేమో అనుకుని బిగిస్తే ఒకటి రెండు రైడ్లు ఆగి మళ్లీ వచ్చింది. రేసు దగ్గరపడుతోంది, టెన్షన్ పెరిగి మా గ్రూపువాళ్లంతా నమ్మే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన ముందు హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ విప్పి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌ను కిందికి లాగాడు. స్టీరర్ ట్యూబ్, అంటే ఫోర్క్ నుంచి పైకి హ్యాండిల్ దాకా వెళ్లే గొట్టం, దాని మీద కింది బేరింగ్ కూర్చునే చోటుకు కాస్త పైన అడ్డంగా ఒక బూడిద రంగు గీత ఉంది. గుడ్డతో తుడిచి గోరుతో గీకితే గోరు అందులో దిగింది. ఆయన ఏమీ మాట్లాడకుండా జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ఫ్రేము కింది ఏటవాలు గొట్టం (డౌన్ ట్యూబ్) మీద పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. స్టీరర్ దూరే హెడ్ ట్యూబ్‌కు జానెడు కింద ఒక్కసారిగా చప్పుడు మొద్దుబారింది. అక్కడ సన్న ఎమరీ పేపర్‌తో కొంచెం రుద్దితే నల్లరంగు కింద తెల్లటి పుట్టీ బయటపడింది, కార్ల డెంటింగ్ షెడ్డులో వాడేదే. దాని అడుగున చిట్లిన పోగులు. "సార్, దీన్ని ఇంటిదాకా కూడా తొక్కుకుంటూ పోకండి, ఆటోలో వేసుకెళ్లండి" అన్నాడు.

స్టీరర్ విరిగితే ఏమవుతుందో రోడ్ రేసింగ్ చూసేవాళ్లకు తెలుసు. 2006లో ఫ్రాన్స్‌లో జరిగిన పారిస్-రూబే రేసులో అమెరికా రేసర్ జార్జ్ హింకపీ స్టీరర్ విరిగి, హ్యాండిల్ చేతుల్లోనే ఉండగా కింద చక్రంతో సంబంధం తెగిపోయి పడ్డాడు. భుజానికి దెబ్బ తగిలింది. అంతకుముందు అదే రేసులో ఒకసారి పడ్డాడు, అప్పుడు సైకిల్‌కు తగిలిన దెబ్బ లోపల అలాగే ఉండిపోయింది. అక్కడ విరిగింది కార్బన్ కూడా కాదు, అల్యూమినియం స్టీరర్. మంచి మెకానిక్కులు, డబ్బున్న టీమ్ ఉన్నవాళ్లకే అలా అయిందంటే, దిగుడులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మన గుంపులో ముందువాడిది విరిగితే వెనకున్న పదిమందీ వాడి మీదే పడతారు. రేసు సైకిల్ కండిషన్ గురించి నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. మన డబ్బు, మన ఇష్టం అని ఊరుకునే విషయం కాదు.

చక్రాల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది పట్టించుకోరు. ఆ సైకిల్‌కు ఉన్నవి హుక్‌లెస్ కార్బన్ రిమ్ములు. అంటే టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లాంటి వంపు వాటి లోపల ఉండదు. అలాంటి రోడ్ రిమ్ముల్లో గాలి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటకూడదు. టైరు కూడా హుక్‌లెస్‌కు పనికొస్తుందని తయారీదారు చెప్పినదే వాడాలి. నాకు ఇచ్చినప్పుడు వాటికి పాత 25 మిల్లీమీటర్ల సన్న టైర్లు ఎక్కించి 100 పీఎస్ఐ గాలి కొట్టి ఉంది. "రేస్ సైకిల్ కదన్నా, గట్టిగా ఉంటేనే స్పీడు" అన్నాడు అమ్మినవాడు. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రేసులో బెల్జియం రేసర్ థామస్ డి గెంట్ టైరు హుక్‌లెస్ రిమ్ము నుంచి ఊడిపోయి పడ్డాక, పెద్ద రేసుల్లోనే దీని మీద పెద్ద చర్చ నడిచింది. రిమ్ము మీద గరిష్ఠ ప్రెషర్ రాసి ఉంటుంది. కొనే ముందు అది చదవండి, చెరిపేసి ఉంటే ఆ చక్రాలు వద్దనుకోండి.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే మొదట "అలా ఉండదే" అన్నాడు. ఫొటోలు పంపాక మాట మారింది: "రేసుల్లో వాడారు కదా, మీరే ఎక్కడో పడేసి ఉంటారు." ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు. నా చేతికొచ్చాక ఆ సైకిల్ ఒక్కసారి కూడా పడలేదు. పడితే మాత్రం, పడిన మచ్చ మీద పుట్టీ, దాని మీద రంగు వాటంతటవే రావు కదా. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. మోసానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, తెలుసుకోండి. ఒక మనిషి తన సొంత వస్తువును ఇంకొకరికి అమ్మితే అది మామూలుగా వినియోగదారుల చట్టం కిందికి రాదు. వ్యాపారంగా అమ్మేవాడైతేనే వస్తుంది. ఈయన "సొంతది" అని పదే పదే ఎందుకు అన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆ నీలం గేటు ప్రకటనలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఫిర్యాదుకు జతచేశాను. షాపులో కొని ఇలా మోసపోతే 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. ఆన్‌లైన్‌లో అడ్వాన్స్ పంపించాక మనిషి మాయమైతే 1930కి వెంటనే చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు దొరకడం కష్టం.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. అన్నిటికన్నా ముందు, ఫోర్క్ బయటికి తీసి చూపించమనండి. పది నిమిషాల పని, ఆరు పలకల బోల్టులు విప్పే ఎలెన్ కీ ఉంటే చాలు. బ్రేకు పైపులు లోపల నుంచి వెళ్లే కొత్త మోడళ్లలో కాస్త కష్టం, అప్పుడు మెకానిక్‌కు డబ్బులిచ్చి తీయించండి. తీయనివ్వనంటే అక్కడితో బేరం ముగించి వచ్చేయండి, ధర ఇంకో ఇరవై వేలు తగ్గించినా సరే. నా మాట ఒక్కటే గుర్తుంచుకుంటారంటే ఇది గుర్తుంచుకోండి.

సీరియల్ నంబర్ చాలా ఫ్రేములకు బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్ ఇరుసు తిరిగే చోటు, అడుగున ఉంటుంది. నా దాని మీద నంబర్ ఉన్నచోట రంగు మందంగా పూసి అంకెలు సగం పూడిపోయాయి. నంబర్ చదవడానికి వస్తే కంపెనీకి మెయిల్ పెట్టి మోడల్, సంవత్సరం, అసలు రంగు అడగండి. ఎరుపు రంగులో తయారైన ఫ్రేము మీ ముందు నల్లగా నిలబడి ఉంటే ఎందుకు మారిందో అమ్మేవాడే చెప్పాలి. దొంగతనం సైకిలేమో కూడా అప్పుడే తేలుతుంది. రేసు ఫ్రేములకు అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ ఆమోద ముద్ర ఇవ్వడం 2011 నుంచి ఉంది, ఆమోదించిన మోడళ్ల జాబితా యూసీఐ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ముద్ర ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మకండి, స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు. జాబితాతో సరిపోల్చండి.

నాణెంతో తట్టి చూడటం మంచిదే, కానీ ట్యూబ్ మందం చోటు చోటుకీ మారుతుంది కాబట్టి చప్పుడు కూడా కొంచెం మారుతుంది. ఎడమ స్టే, కుడి స్టే ఒకే చోట తట్టి పోల్చుకుంటే తేడా పట్టుకోవడం తేలిక. చీకట్లో టార్చ్ లైటు ఏటవాలుగా వేస్తే కొత్తగా పూసిన రంగు అలలు అలలుగా కనిపిస్తుంది. మెరుపు లేని మ్యాట్ రంగు మీద ఇది సరిగ్గా తెలియదు, అందుకే మ్యాట్ అంటే నాకు ఇప్పుడు అనుమానం. హ్యాండిల్ మీద చుట్టిన బార్ టేప్ విప్పించండి. ఇంట్లో ట్రైనర్ మీద, అంటే కదలకుండా నిలబెట్టే స్టాండు మీద, తొక్కిన సైకిలైతే చెమట కారి కారి టేప్ కింద బోల్టులు, హ్యాండిల్‌బార్ తుప్పు పట్టి ఉంటాయి. వెనక గేర్లు మార్చే డిరైల్లర్‌ను ఫ్రేముకు తగిలించే హ్యాంగర్ లోపలికి వంగి ఉందంటే సైకిల్ కుడివైపు పడిందనే అనుకోవాలి. స్టెమ్ బోల్టులను ఎంత బలంగా బిగించాలో అక్కడే 5 న్యూటన్ మీటర్లు అనో మరొకటో రాసి ఉంటుంది. ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ లేకుండా మరీ గట్టిగా బిగించిన చోట కార్బన్ నలిగి ఉంటుంది.

వారంటీ గురించి అమ్మేవాడు ఏం చెప్పినా లెక్కలోకి తీసుకోకండి. ఫ్రేము వారంటీ చాలా కంపెనీలు మొదట కొన్నవాళ్లకే ఇస్తాయి, మన చేతికి వచ్చేసరికి అది ఉండదు.

కార్బన్ రిపేరు చేయకూడదని నేను అనడం లేదు. తెలిసినవాళ్లు పాడైన పొరలు తీసేసి, కొత్త పొరలు సరైన దిశలో వేసి చేస్తే ఫ్రేము ఏళ్లు నిలుస్తుంది. ఆ సంగతి చెప్పి, ఎక్కడ చేయించారో ఫొటోలతో చూపించి, దానికి తగ్గ ధరకు అమ్మేవాళ్లు మన గ్రూపుల్లో ఉన్నారు, వాళ్ల దగ్గర నిశ్చింతగా కొనొచ్చు. ఫోర్క్ స్టీరర్ మాత్రం రిపేరు చేసింది ఎవరు ఇచ్చినా తీసుకోకండి. కొత్త ఫోర్క్ వేయించాల్సిందే. బడ్జెట్ లక్ష లోపే అయితే కొత్త అల్యూమినియం సైకిల్ కొనుక్కోండి. మొదటి ఏడాది రేసుల్లో మనల్ని వెనకబెట్టేది ఒక కిలో బరువు కాదు, గుంపులో ఎక్కడ ఉండాలో తెలియకపోవడం.

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాడి పేరు ఇక్కడ రాయడం లేదు. నీలం గేటు ఫొటో ఉన్న ప్రకటన చూసి ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే ఈ ఆదివారం రైడ్‌కు దాన్ని బయటికి తీయకండి, ముందు ఫోర్క్ విప్పించండి. మీ దాంట్లోనూ ఇలాంటిదే బయటపడితే నాకు మెసేజ్ పెట్టండి, ఫిర్యాదులు కలిపి ఇద్దాం. ఫ్రేము, ఫోర్క్ రెండూ నా దగ్గరే ఉన్నాయి. కొనబోయేవాళ్లు ఎవరైనా వస్తే పగులు చూపిస్తాను, తట్టి చప్పుడు కూడా వినిపిస్తాను.