హాఫ్-టన్ పికప్‌తో ట్రావెల్ ట్రైలర్: ఏళ్ల వాడకం తర్వాత

బండి వీ8 ఇంజిన్, 3.55 యాక్సిల్ (వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి) ఉన్న హాఫ్-టన్ పికప్, అంటే పెద్ద పికప్ ట్రక్కుల్లో తేలికైన తరగతి. బ్రోషర్‌లో టోయింగ్ సామర్థ్యం 9,500 పౌండ్లు. వెనక తగిలించే ట్రావెల్ ట్రైలర్ (లాక్కెళ్లే చక్రాల ఇల్లు) గరిష్ఠ బరువు 7,000 పౌండ్లు. కాగితం మీద ఇంకా 2,500 మిగులుతుంది. కానీ లాగడం వేరు, మోయడం వేరు. ఇంజిన్‌కి ఎప్పుడూ శక్తి తక్కువ పడలేదు. ముందుగా అయిపోయింది పేలోడ్, అంటే బండి తన మీద మోయగల బరువు.

డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే పసుపు స్టిక్కర్ మీద ఈ బండికి రాసి ఉన్నది 1,550 పౌండ్లు. ట్రైలర్ బరువులో 13 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుందనుకుంటే 910. ఆ బరువును స్ప్రింగ్ బార్లతో ముందు యాక్సిల్‌కి కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ మరో 100. మిగిలింది 540. అందులో నలుగురు మనుషులు కూర్చుంటే కూలర్‌కి, పనిముట్ల పెట్టెకి చోటు లేదు. బ్రోషర్ అంకె డ్రైవర్, పక్కన ఒక్కరు, చెరి 150 పౌండ్లు అన్న లెక్కతో వచ్చింది. కుటుంబంతో వెళ్లేవాళ్లకి అది పనికిరాదు. ట్రైలర్ ఖాళీ బరువు చూసి కొనడం కూడా అంతే పొరపాటు. 40 గాలన్ల నీళ్లే 330 పౌండ్లు దాటుతాయి.

హిచ్ బరువు తగ్గిద్దామని సామాను వెనక్కి సర్దకండి. అది ట్రైలర్ బరువులో 10 శాతం కంటే తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది. వెనక బంపర్‌కి సైకిళ్లు తగిలించినా ఇదే జరుగుతుంది. ఊగితే యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. ట్రక్కు బ్రేక్ తొక్కితే వెనక నుంచి నెట్టేస్తుంది.

అసలు బరువు తెలియాలంటే ట్రక్ స్టాప్ కాటా ఒక్కటే దారి. ట్రక్కు ఒంటరిగా ఒకసారి, స్ప్రింగ్ బార్లు లేకుండా ట్రైలర్ తగిలించి ఒకసారి, బార్లు బిగించి ఒకసారి తూయించండి. రెండో తూకంలో ట్రక్కు యాక్సిళ్ల మొత్తం నుంచి మొదటి తూకం తీసేస్తే హిచ్ బరువు వస్తుంది. మూడో తూకంలో ముందు యాక్సిల్‌కి బరువు తిరిగి రాకపోతే బార్ల సర్దుబాటు తప్పినట్టే. ముందు చక్రం తేలికైతే స్టీరింగ్ పట్టు పోతుంది.

ఫ్యాక్టరీ పీ-మెట్రిక్ (కార్ల తరహా) టైర్ల గోడలు మెత్తన. పక్క నుంచి పెద్ద లారీ వెళ్తే బండి ఊగేది. ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు వేశాక చాలా కుదుటపడింది, పేలోడ్ మాత్రం పౌండు కూడా పెరగలేదు. మైలేజీ దాదాపు సగానికి పడిపోతుంది. దానికి బరువు కంటే ట్రైలర్ ముందు గోడకి తగిలే గాలే ఎక్కువ కారణం, కాబట్టి పెద్ద ఇంధన ట్యాంకు ఉన్నది ఎంచుకోండి. కొండ దారులు ఎక్కువైతే 3.73 లేదా అంతకంటే ఎక్కువ యాక్సిల్.

నలుగురు మనుషులు, 7,000 పౌండ్ల ట్రైలర్ అయితే నేరుగా త్రీ-క్వార్టర్-టన్ (హాఫ్-టన్‌కి పై తరగతి) చూడండి. అక్కడా డీజిల్ అనగానే తొందరపడొద్దు. ఆ ఇంజిన్ బరువు పేలోడ్‌లోంచే పోతుంది. అదే మోడల్ పెట్రోల్ బండి స్టిక్కర్ మీద కొన్ని వందల పౌండ్లు ఎక్కువ కనిపిస్తాయి.