ఎనిమిదేళ్లు నోరెత్తని క్యాప్

రెండేళ్ల క్రితం ఈ సమీక్ష రాసుంటే అంతా పొగడ్తే ఉండేది. పంటికి క్యాప్ పెట్టించుకోవాలా వద్దా అని ఎవరు అడిగినా "పెట్టించుకో, ఇక దాని సంగతి మర్చిపో" అని చెప్పేదాన్ని. అందులో రెండో మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నాది కింది దవడలో కుడివైపు పెద్ద పన్ను. ఫిల్లింగ్ రెండుసార్లు ఊడి, ఊడిన ప్రతిసారీ ఇంకాస్త పెద్దది పెట్టి, చివరికి పన్ను తక్కువ, ఫిల్లింగ్ ఎక్కువ అయింది. ఒకరోజు నములుతుంటే లోపలి మూల విరిగి నాలుకకు గీసుకోవడం మొదలైంది. రూట్ కెనాల్ చేశారు. దాంతో అయిపోయిందనుకుంటే క్యాప్ కూడా కావాలన్నారు. డబ్బు కోసమే అంటున్నారేమోనని అనుమానం వచ్చింది, దాచను. కానీ కారణం విన్నాక నమ్మాను: పిప్పి తీసి, లోపలికి దారి చేసేసరికి పన్ను గోడలు పలచబడతాయి, నమిలే బరువంతా వెనక పళ్ల మీదే పడుతుంది, పైన తొడుగు లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు నిలువునా చీలొచ్చు, ఆ చీలిక వేరులోకి దిగితే ఇక పీకడమే. ముందు పళ్లకైతే రూట్ కెనాల్ చేసినా, పన్ను చాలావరకు మిగిలి ఉంటే ఒక్కోసారి ఫిల్లింగ్‌తోనే సరిపోతుందట.

పన్ను అరగదీయడం, అచ్చు తీయడం, తాత్కాలిక క్యాప్‌తో రెండు వారాలు గడపడం లాంటివన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. బిగించిన రోజు మాత్రం నేనో తప్పు చేశాను. ఇంటికెళ్లే తొందరలో "బాగానే ఉంది" అనేశాను. వెంట్రుకవాసి ఎత్తుంది అంతే, దానికే మూడు రోజులు దవడ లాగేసింది. మళ్లీ వెళితే నీలం కాగితం కొరికించి, మచ్చ పడిన చోటల్లా కాస్త కాస్త అరగదీశారు, ఐదు నిమిషాల పని. కాబట్టి ఆ కుర్చీలోంచి లేచే ముందు నాలుగుసార్లు కొరికి చూసుకోండి, మొహమాటపడకండి.

ఆ తర్వాత మాత్రం స్వర్గమే. చల్లటి నీళ్లు తాగినా జివ్వుమనదు, గట్టివి కొరికినా కిమ్మనదు. ఎంత మురిసిపోయానంటే పక్క పన్నులో చిన్న పుచ్చు కనిపిస్తే దానికీ క్యాప్ వేసేయమని నేనే అడిగాను. డాక్టరు నవ్వి, చిన్న పుచ్చుకి ఫిల్లింగ్ చాలు, క్యాప్ కోసం చుట్టూ అరగదీసిన మంచి పన్ను మళ్లీ రాదు కదా అన్నారు. ఆ ఫిల్లింగ్ ఇప్పటికీ అలాగే ఉంది.

ఏడో ఏడు దాటాక ఎప్పుడైనా ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నటి దారం) లాగితే ఆ ఒక్క సందులోంచే వాసన వచ్చేది. ఎప్పుడైనా అంటున్నానే, నెలకో రెండు నెలలకో అన్నమాట. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. ఒక సాయంత్రం జిగటగా ఉన్నదేదో నములుతుంటే పంటి కింద రాయిలా తగిలింది. తీరా చేతిలోకి ఉమ్మి చూస్తే నా క్యాప్! నొప్పి లేదు, రక్తం లేదు. నాలుకతో తడిమితే అక్కడొక చిన్న మొద్దు, ఇంత చిన్నదాని మీదా ఇన్నాళ్లూ నమిలానా అనిపించింది. అద్దంలో చూస్తే ఒక పక్క అంచు గోధుమ రంగులోకి తిరిగి, గోరు పెడితే దిగేంత మెత్తగా ఉంది. ఇంట్లో ఉన్న జిగురుతో అంటించేద్దామని ఒక్క క్షణం బుద్ధి పుట్టింది కానీ, ఆ జిగుర్లు నోట్లో పెట్టేవి కావని ఊరుకున్నాను. క్యాప్ కడిగి డబ్బాలో పెట్టి, రెండోవైపు నమిలి, మర్నాడే వెళ్లాను.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. క్యాప్ పుచ్చదు, దాని అంచు దగ్గర మిగిలిన పన్ను పుచ్చుతుంది. రూట్ కెనాల్ అయిన పంటికి లోపల నరం ఉండదు, ఇక జివ్వుమనేదెవరు? నేను ఎనిమిదేళ్లు మెచ్చుకుంటూ కూర్చున్న నిశ్శబ్దం అదే! పైగా లోహం మీద పింగాణీ వేసిన క్యాప్ కావడంతో ఎక్స్‌రేలోనూ దాని కిందది కనపడదు, అంచు మాత్రం తెలుస్తుంది. ఆ అంచైనా చూపించుకుందామని ఎనిమిదేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు నేను. సరిగ్గా బ్రష్ పోని పక్క సందులోనే పుచ్చింది.

చిగురుపైన చుట్టూ ఓ రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలింది కాబట్టి బతికిపోయాను, అది లేకపోతే కొత్త క్యాప్ నిలవడానికి పట్టుండదట. పుచ్చు తీసేశాక పాతది కుదరదు కాబట్టి, పోయిన మేర లోపల పూడ్చి కట్టి, మళ్లీ అచ్చు తీసి, ఈసారి జిర్కోనియాది, అంటే కింద లోహం లేని గట్టి పింగాణీ లాంటిది, వేశారు. చిగురు దగ్గర ఇదివరకటి నల్లగీత పోయింది, చూడ్డానికి బాగుంది. పాతదానికంటే మంచిదా అంటే ఏడాదిన్నరకే ఏం చెప్పను, పాతదీ ఏడాదిన్నరప్పుడు బ్రహ్మాండంగానే ఉండేది.

విరిగిన వెనక పన్నుకి మళ్లీ క్యాపే వేయించుకుంటాను, అందులో అనుమానం లేదు. కాకపోతే నాది ఒక్క పంటి అనుభవం. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటు లేదు, చిగుళ్ల జబ్బు లేదు, ఉన్నవాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు. ఇప్పుడైతే రోజూ పడుకునే ముందు ఆ సందులో ఫ్లాస్ లాగి, ఇంట్లోవాళ్లు చూడకుండా ఒకసారి వాసన చూసుకుంటున్నాను.