దండనా, ముందస్తు అమరికా?

ఉన్నత పాఠశాల తరగతిని అదుపులో ఉంచడానికి ఉపాధ్యాయులు ప్రధానంగా రెండు దారులు ఎంచుకుంటారు: తప్పు జరిగాక దండించడం ఒకటి, తప్పుకు సందు లేకుండా పీరియడును ముందే అమర్చుకోవడం మరొకటి.

మొదటిదానితో గది వెంటనే నిశ్శబ్దమవుతుంది. అయితే పదో తరగతి గణితంలో వర్గ సమీకరణం దగ్గర తడబడిన విద్యార్థి సందేహం అడగడానికి జంకి, పక్కవాడి నోటుపుస్తకంలోని లెక్కను ఎక్కించుకుంటే, ఆ లోటు జవాబుపత్రం దిద్దేదాకా బయటపడదు. పైగా 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం వదిలేసి నలుగురిలో అవమానించేవారు ఈ రెండో మాటను ఎందుకో మరచిపోతుంటారు.

రెండో దారికి శ్రమ ఎక్కువ. గంట మోగేసరికి బోర్డు మీద ఒక చిన్న లెక్క సిద్ధంగా ఉండాలి, హాజరు పిలిచేలోపు పిల్లలు దాన్ని చేస్తుండాలి, ఆ తర్వాత ఉపాధ్యాయుడు బల్లల మధ్య తిరుగుతూ తప్పులను అక్కడికక్కడే పట్టుకోవాలి. ఇలా రోజుకు 5 నిమిషాలు ఆదా అయినా, 220 పనిదినాల్లో 45 నిమిషాల పీరియడ్లు 24 అదనంగా దొరికినట్టే. సమర్థులైన ఉపాధ్యాయులను వేరుచేసేది అల్లరిని అణచే తీరు కాదనీ, దాన్ని రానివ్వని తీరేననీ అమెరికన్ మనస్తత్వవేత్త జేకబ్ కూనిన్ 1970లోనే చూపారు.

నా మొగ్గు రెండోదానివైపే. అరవైమంది కిక్కిరిసిన గదిలో మాత్రం బల్లల మధ్య నడవడానికే చోటుండదు కనుక, అక్కడ నోటుపుస్తకాలను రోజుకొక వరుస చొప్పున చూడటమే సాధ్యం.